కమీషన్ లేని కొట్టు

మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప ఆ ఇంట్లో ఇంకెక్కడా సిగ్నల్ సరిగా అందదు. అందుకని మౌనిక ఆఫీసు అక్కడే. పొద్దున్నే శాలువా కప్పుకుని, ప్లాస్టిక్ కుర్చీలో ముడుచుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుంటుంది. హుకుంపేట మీంచి మంచు విడిచేసరికి ఆమె పని సగం అయిపోతుంది. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ తెలుగులో వెబ్‌సైటు నడుపుతోంది. బిట్‌కాయిన్ లాంటివి కొనడానికీ అమ్మడానికీ ఉన్న ఎక్స్ఛేంజీలు ఒక్కొక్కటీ ఎంత ఫీజు పట్టుకుంటాయో పక్కపక్కన పెట్టి, మామూలు జనానికి తెలిసేలా రాయడం ఆమె ఉద్యోగం.

ఆ ఉద్యోగం గురించి వాళ్ళ నాన్న వీరభద్రరావు బజారులో చెప్పుకునే తీరు చూడాలి. "దేశంలో ఉన్న ఎక్స్ఛేంజీలన్నీ ఎంతెంత కోస్తన్నాయో మా గుంటకి నోటికొచ్చు" అంటూ మీసం దువ్వుతాడు. అదే గుంట ఇంట్లో ఒక మాట చెప్పబోతే మాత్రం ఆయనకి కొట్టు దగ్గర ఎవరో పిలిచినట్టు వినిపిస్తుంది. కూతురు తెలివైనదని నలుగురికీ చెప్పుకోవడం ఒక సరదా. ఆ తెలివికి తల వంచడం వేరే సంగతి, దానికి ఆయన ఇంకా సిద్ధపడలేదు.

పెళ్ళయిన కొత్తలో చోడవరం వైపు నుంచి భార్య కమలని వెంటబెట్టుకుని ఈ కొండల మీదికి వచ్చాడాయన. మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టు పెట్టాడు. సంత రోజున కొండ మీది ఊళ్ళ నుంచి వచ్చే పసుపు, పిప్పళ్ళు, రాజ్మా గింజలు కొని కిందికి లారీ ఎక్కించడం అసలు వ్యాపారం. మిగతా వ్యాపారులు తూకం అవగానే కమీషన్ అని కొంత, తరుగు అని కొంత కోసేసి చేతిలో డబ్బు పెడతారు. వీరభద్రరావు అలా కోయడు. "మన దగ్గర కమీషన్ నేదు, తరుగు నేదు. ఎంత తూగితే అంతకీ డబ్బు" అని మొదటి సంతలోనే చెప్పాడు. ఆ మాట కొండలెక్కి తిరిగింది. వేరే కాటాల దగ్గర ఈగలు తోలుకుంటుంటే ఈయన కాటా దగ్గర జనం బారులు తీరేవారు.

డబ్బు బాగానే వచ్చింది గానీ, దాన్ని పాతిపెట్టడానికి నేల లేదు. కొండ మీది నేల కొండవాళ్ళకే అని చట్టం. మైదానం నుంచి వచ్చినవాడు ఎన్నేళ్ళున్నా ఇక్కడ గజం స్థలం కొనలేడు. అందుచేత ఆయన సంపాదన కొంత కమల చేతి బంగారు గాజులైంది, కొంత చోడవరం చిట్టీల్లో తిరిగింది. రెండేళ్ళ కిందట, మౌనిక జీతంలో దాచుకున్నదానికి ఆయన కూడా కొంత కలిపితే, ఆమె ఎంచి చూపించిన ఎక్స్ఛేంజిలో బిట్‌కాయిన్ అయింది. ఇంటికి పెద్దవాణ్ణని పట్టుబట్టి ఖాతా తన పేరు మీదే, తన ఫోనులోనే తెరిపించుకున్నాడు. ఆమె సరే అంది.

ఆ రోజు పొద్దున్న మౌనిక మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చింది. వీరభద్రరావు ఉప్మా ముందు కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, మిషను వచ్చేసిందట! వైజాగ్ డీలరు ఇప్పుడే ఫోన్ చేశాడు. మిగతా డబ్బు కడితే ఈ వారంలోనే పంపిస్తాడట."

కాఫీ గింజలు వేపే మిషను అది. కొండ మీద రైతుల దగ్గర కాఫీ గింజలు నేరుగా కొని, ఇక్కడే వేపి, పొడి కొట్టి అమ్మాలని ఏడాదిగా ఆమె కలవరింత. ఉద్యోగం వదలకుండానే నడుపుతానంటుంది. అడ్వాన్సు కట్టి రోజులు లెక్కపెట్టుకుంటోంది.

"ఇంకేటి, మన ఇల్లంతా కాఫీ గుబాళింపే" అంది కమల వంటింట్లోంచి. "ముందు ఆ ఉప్మా తినండి బేగి. సల్లారిపోతాంది."

"మన బిట్‌కాయిన్‌లో నా వంతు ఇవాళ అమ్మేద్దాం నాన్నా. ఫోను ఇలా ఇయ్యి."

వీరభద్రరావు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఇవాళే ఏటమ్మా తొందర. రేటు ఇంకొంచెం పెరగనీ."

"రేటు బాగానే ఉంది. రోజూ నేను చూసే పనే కదా అది."

"రేపు సంత. సంత పని అవనీ, ఆనక సూద్దాం" అని చెయ్యి కడిగేసుకున్నాడు. పళ్ళెంలో ఉప్మా సగం అలాగే ఉంది. కమల ఆ పళ్ళెం వంకా, ఆయన వీపు వంకా చూసింది.

కొట్టులో కూర్చున్నాడన్న మాటే గానీ బెల్లం అడిగినవాడికి ఉప్పు కట్టి ఇచ్చాడు. ఆయన గుండెల్లో రాయి పడి అప్పటికి నెల దాటింది. కూతురు డబ్బు అడిగే రోజు రాకుండా ఉంటుందా అని భయపడుతూ, రాకూడదని దేవుడికి మొక్కుకుంటూ ఆ నెల వెళ్ళదీశాడు. ఆ రోజు వచ్చి కూర్చుంది.

జరిగింది ఇదీ. మౌనిక చూపించిన ఎక్స్ఛేంజిలో ఏ లావాదేవీ చేసినా కింద ఒక గీత పడేది: ఫీజు ఇంత, దాని మీద జీఎస్టీ ఇంత. చిన్న మొత్తమే. అయినా ఆ గీత చూసినప్పుడల్లా ఆయనకి ఒళ్ళు మండేది. కమీషన్ లేని సావుకారుగా పేరు పడ్డవాడు, తనే ఎవరికో కమీషన్ కట్టడమా! ఎదురుగా బట్టల కొట్టు గణపతిరావు ఒకనాడు వచ్చి, "బావా, ఇంకా కోతలు కడతన్నావా? నా యాప్‌లో కోత అన్నదే నేదు. సున్నా" అని ఫోను చూపించాడు. ఆ సున్నా చూసి వీరభద్రరావు మనసు పారేసుకున్నాడు.

కూతుర్ని అడగకపోలేదు. ఆమె కొట్టులోకి వచ్చినప్పుడు గణపతిరావు ముందే అడిగాడు. "వద్దు నాన్నా, ఆ యాప్ గురించి మేం రాశాం. అది మన దేశంలో రిజిస్టర్ కూడా కాలేదు. ఫీజు లేదంటే..." అని ఆమె ఏదో చెప్పబోయింది. గణపతిరావు పళ్ళికిలించి, "ఏటి బావా, నీ కొట్టుకి యజమాని మారిపోయాడేటి?" అన్నాడు. దాంతో వీరభద్రరావుకి పౌరుషం పొడుచుకొచ్చింది. "గుంటవి నీకేటి తెలుసే యాపారం? ఎల్లు, ఎల్లి నీ రాతలు రాసుకో" అనేశాడు. మౌనిక ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత గణపతిరావు పక్కన కూర్చుని నొక్కమన్న చోటల్లా నొక్కి, ఉన్నదంతా ఆయన ఆ సున్నా యాప్‌లోకి మార్చేశాడు. ఇంట్లో చెప్పలేదు. ఆనక లాభం చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు పాపం.

ఆశ్చర్యం ఆయనకే జరిగింది. నెల కిందట కొంచెం అమ్మి చూశాడు. కోత గీత పడలేదు. చేతికొచ్చింది మాత్రం అనుకున్న దానికన్నా బాగా తక్కువ. ఎక్కడ పోయిందో అంతు చిక్కలేదు. గణపతిరావుని అడిగితే, "అయ్యి అలాగే ఉంటాయి బావా" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బజారు కాస్త పలచబడ్డాక మౌనిక కొట్టు వెనక గదిలోకి వచ్చింది. పసుపు బస్తాల మధ్య మడత మంచం మీద వీరభద్రరావు నడుం వాల్చి ఉన్నాడు. ఫోను పక్కనే ఉంది. ఆమె తీసుకుంది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ నిద్రపోవడం లేదు.

"నాన్నా, ఖాతా ఖాళీగా ఉందేటి?"

లేచి కూర్చున్నాడు. "వేరే చోటకి మార్చీసినాను. ఏటీ పోనేదులే. అందులో ఉన్నాది."

ఆమెకి వెంటనే అర్థమైంది. సున్నా యాప్ తెరిచింది. తన ఫోను తీసి పక్కన పెట్టుకుంది. కాసేపు రెండు ఫోన్లనీ మార్చి మార్చి చూసింది. రోజూ మేడ మీద చేసే పనే. కాకపోతే ఇవాళ అది సొంత డబ్బు.

"ఇలా చూడు" అంది నెమ్మదిగా. "బయట అందరి దగ్గరా రేటు ఇది. ఈ యాప్‌లో నువ్వు కొనబోతే దానికన్నా ఎక్కువ చెప్తుంది. అమ్మబోతే దానికన్నా బాగా తక్కువ ఇస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నదంతా వాళ్ళ కమీషనే నాన్నా. దానికి పేరు పెట్టలేదు, అంతే. డబ్బు బ్యాంకులోకి తీసుకోబోతే ఇంకోసారి పట్టుకుంటారు. అన్నీ పోగా ఐదో వంతు పైనే పోతుంది."

"మిషనుకి సరిపోదేటి?"

"నీ వంతు కలిపినా సరిపోదు."

ఆ ఒక్క ముక్కా అని ఆమె ఊరుకుంది. అరిచినా బాగుండేది. ఆమె అరవకపోవడం చూసి ఆయనకే అరవాలనిపించింది. తప్పు చేసినవాడికి గొంతు ముందు లేస్తుంది కదా.

"అయితే నేను నీ డబ్బు తినీసినానంటావా! ఇంటికి మంచి జరగాలనే కదా సేసినాను. నువ్వు అంత తెలిసినదానివి అప్పుడే గట్టిగా సెప్పొచ్చు కదా!"

"చెప్పబోయాను. వ్యాపారం నీకేం తెలుసు అన్నావు."

"అంటే? నాన్న ఒక్క మాటంటే మూతి ముడుసుకుని ఎల్లిపోతావా?"

ఆ కేకలకి ఇంట్లోంచి కమల పరుగెత్తుకొచ్చింది. "ఏటైందండీ? రోడ్డు మీదికి ఇనపడతాంది."

"నీ కూతురు నన్ను దొంగని సేస్తాంది!"

"నేను ఆ మాట అనలేదమ్మా."

"మరి సెప్పు!" వీరభద్రరావు మంచం మీంచి లేచాడు. "వాడు పైకి సున్నా అంటాడు, లోపల రేటు కాడ కోస్తాడు. ముప్పయ్యేళ్ళు కాటా పట్టుకున్నోణ్ణి, నాకే తెలీనేదు. నీకెలాగ తెలిసిందే? ఏ కాలేజీలో సెప్పినారు?"

మౌనిక ఆయన ఫోను మంచం మీద పెట్టింది.

"నీ దగ్గరే నేర్చుకున్నాను నాన్నా."

బయట ఎవరో సబ్బు ఉందా అని అడిగి, జవాబు రాక వెళ్ళిపోయారు.

"మూడో తరగతి వేసవి సెలవులు. సంతలో నీ పక్కనే బస్తా మీద కూర్చునేదాన్ని. కింద మన సరుకు కొనే సేటు ఫోన్ చేసి నీకు పసుపు రేటు చెప్పాడు. నువ్వు దాన్ని పైకి అన్నావు, పక్కనున్న నాకు వినపడింది. ఫోను పెట్టేసి, అప్పుడే పసుపు బస్తాతో వచ్చిన సుక్రుకి కిలోకి నాలుగు రూపాయలు తగ్గించి చెప్పావు. 'కింద రేటు పడిపోయింది సుక్రూ, ఏటి సేత్తాం, నేను మాత్రం కమీషన్ తీసుకోను' అన్నావు. అతను నీకు దణ్ణం పెట్టాడు నాన్నా. అడ్డాకులో పనస తొనలు చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా సావుకారు కోత కొయ్యడు, ఆయన పాప తినాల అన్నాడు. అవి నేను తినలేకపోయాను. కాటా వెనక పారేశాను."

వీరభద్రరావు మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు.

"ఆ తర్వాత నేను సంతకి రాలేదు. నేను సిగ్గరినని అమ్మ అందరికీ చెప్పేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఫీజు లేదు అని రాసి ఉన్న యాప్ కనపడగానే రేట్ల మధ్య ఎంత తేడా ఉందో చూశాను. మా ఆఫీసులో అందరూ నీకెలా తోచిందని మెచ్చుకున్నారు. వాళ్ళకి ఏం చెప్పను?"

కమల స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది.

"ఆ మిషను ఎందుకనుకున్నావు? కొట్టు ముందు బోర్డు పెట్టి, రైతు దగ్గర ఎంతకి కొన్నానో, ఎంతకి అమ్ముతున్నానో రెండూ రాద్దామని. ఈ కొట్లోంచే అలాంటి వ్యాపారం ఒకటి బయటికి రావాలని. నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు."

"అందరూ సేసేదేనమ్మా అది" అన్నాడు వీరభద్రరావు. గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "కమలా, నువ్వయినా సెప్పు. నేనొక్కణ్ణే సేసినానేటి?"

కమల భర్త వంక చూడలేదు. చేతి గాజులని చూసుకుంది.

"నాకు తెలీదనుకున్నారేటండీ? కోత కొయ్యకుండా ఇన్ని గాజులు ఎలాగొచ్చాయో ఆ మాత్రం తెలీదా? తెలిసే ఏసుకున్నాను. ఏసుకుని గుడికెళ్ళినాను. పిల్ల సంత మానేసిన నాడే నాకు అనుమానం. అడిగితే ఏటి సెప్తాదోనని అడగనేదు."

మౌనిక తల్లి దగ్గరికి వెళ్ళి ఆమె భుజం మీద తల పెట్టుకుంది. ఇద్దరూ ఇంట్లోకి వెళ్ళిపోయారు. వీరభద్రరావు బస్తాల మధ్య ఒక్కడే మిగిలాడు.

ఎవరో తెలియనివాడు యాప్ పెట్టి తనని మోసం చేశాడని నెల రోజులుగా కుమిలిపోయాడు. వాణ్ణి తిట్టని తిట్టు లేదు. మంచి మాట చెప్పి, మధ్యలో నొక్కేసే బుద్ధి ఎక్కడ పుడుతుందో అనుకున్నాడు. ఇంతాచేస్తే అది తన ఇంట్లోనే పుట్టింది. ఆ యాప్ పోగొట్టిన డబ్బు ఎప్పటికైనా సంపాదించుకోవచ్చు. మూడో తరగతి పిల్ల పనస తొనలు పారేసిన సంగతి తనకి ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు. ఆ పిల్ల అప్పటి నుంచీ తనని చూస్తూనే ఉంది, తన చేతి అన్నం తింటూనే ఉంది, నాన్నా అని పిలుస్తూనే ఉంది. అంత తెలిసీ ఎలా పిలిచిందో అని తలుచుకునేసరికి ఆయనకి ఏడుపు ఆగలేదు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

పొద్దు వాలకముందే మేడ ఎక్కాడు. మోకాళ్ళ నొప్పులని ఆ మెట్లు ఎక్కడం ఎప్పుడో మానేశాడు. మౌనిక ట్యాంకు పక్కన కూర్చుని ఉంది, ల్యాప్‌టాప్ మూసే ఉంది. ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"ఎంతొస్తే అంతకి అమ్మీయ్. ఇంక అందులో ఉంచకు."

ఆమె నొక్కవలసినవి నొక్కింది. ఫీజు సున్నా అని పచ్చ అక్షరాలు వెలిగాయి. ఇద్దరూ వాటిని చూశారు. వచ్చిన డబ్బు మిషనుకి చాలదు. ఆమె డీలరుకి ఫోన్ చేసి, ఈ పంటకి కుదరదు, మిషను వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి అని చెప్పింది. చెప్తున్నప్పుడు గొంతు నిబ్బరంగానే ఉంది గానీ, పెట్టేశాక కొండల వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. వీరభద్రరావుకి ఆమె తల నిమరాలని ఉంది. చెయ్యి లేవలేదు.

"నన్ను క్షమించమని అడగడానిక్కూడా నాకు మొహం సెల్లట్లేదమ్మా" అన్నాడు.

"నన్ను కాదు కదా నాన్నా అడగాల్సింది."

ఆయన ట్యాంకు గోడ పట్టుకుని నిలబడ్డాడు. "రేపు సంతకి రా" అన్నాడు చివరికి. "రేటు నువ్వే సెప్పు. నా నోటికి నిజం రేటు అలవాటు నేదు."

మౌనిక తల అడ్డంగా ఊపింది. "తూకం నేను వేస్తాను. రేటు మాత్రం నువ్వే చెప్పాలి."

మర్నాడు సంతలో కూతురు కాటా దగ్గర నిలబడేసరికి చుట్టుపక్కల వ్యాపారులు వింతగా చూశారు. గణపతిరావు దూరం నుంచే పలకరించి తప్పుకున్నాడు. కమల కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఆమె చేతులకి గాజు గాజులే ఉన్నాయి. వీరభద్రరావు గమనించాడు.

సుక్రు ఎప్పటిలాగే అందరికన్నా ముందొచ్చాడు. జుట్టు నెరిసింది, నడుం కాస్త వంగింది, బస్తా మాత్రం ఇంకా తనే మోస్తాడు. కాటా పక్కన దించి, మౌనికని చూసి ముఖమంతా నవ్వయిపోయాడు.

"పాపే! ఎంత పెద్దయిపోనావమ్మా." వీరభద్రరావు వైపు తిరిగాడు. "మా పిల్లలు పాడేరు ఎల్దామన్నారు సావుకారు. అక్కడ ఎవులో ఎక్కువ ఇత్తన్నారంట. నానే ఒద్దన్నాను. కోత లేని సావుకారు ఉండగా మరో కాడికి ఎందుకెల్తాం?"

మౌనిక తూకం వేసి అంకె చదివింది. వీరభద్రరావు కింది సేటు చెప్పిన రేటు చెప్పాడు. పొల్లు పోకుండా చెప్పాడు.

సుక్రు సంబరపడలేదు. దగ్గరికి వచ్చి, సావుకారు ముఖంలోకి కళ్ళు చికిలించి చూశాడు.

"ఒంట్లో బాగునేదేటి సావుకారు? కళ్ళు ఉబ్బినాయి. లెక్క తప్పుతన్నావు. నాకు ఇంత ఇచ్చీత్తే నీకేటి మిగుల్తాది? నువ్వా కమీషన్ తీసుకోవు. ఇల్లు ఎలాగ గడుత్తాది? పోయినేడు రేటే ఇయ్యి, సాలు."

వీరభద్రరావు కాటా అంచు పట్టుకున్నాడు. తప్పించుకోవడానికి దారి అప్పుడు కూడా ఉంది. రేటు పెరిగిందని చెప్పి, దణ్ణం పెట్టించుకుని పంపేయవచ్చు. పక్కన కూతురు నిలబడి ఉంది.

"లెక్క తప్పనేదు సుక్రూ. నీకిచ్చే రేటులోనే నా కమీషన్ కోసుకునేవాణ్ణి. కింద ఒకటి సెప్తే నీకు ఒకటి సెప్పేవాణ్ణి. కోత నేదన్నది అబద్ధం."

సుక్రుకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక కూడా నమ్మలేనట్టు చూశాడు.

"పోయినేడా?"

"మొదట్నించీ."

సుక్రు తన బస్తా మీద కూర్చున్నాడు. కోపం వస్తే బాగుండునని వీరభద్రరావు ఎదురుచూశాడు. రాలేదు. సుక్రు అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు, వాటికి పసుపు అంటి ఉంది.

"నువ్వు సెప్పకపోతే నాకు తెలిసీది కాదు కదా" అన్నాడు. "ఎందుకు సెప్పినావు సావుకారు? నిన్న రేతిరి కూడా మా ఇంట్లో నీ గురించి మంచిగా అనుకున్నాం."

వీరభద్రరావు రెండు చేతులూ జోడించాడు. సుక్రు దణ్ణం అందుకోలేదు, కాదనలేదు. మౌనిక లెక్కగట్టి డబ్బు ఇచ్చింది, తమ కమీషన్ ఎంతో పైకి చెప్పి మరీ పట్టుకుంది. అతను మొలలో దోపుకుని లేచాడు. ఎప్పుడూ కొట్టు దగ్గర టీ తాగి గానీ కొండెక్కనివాడు, ఆ వేళ తిన్నగా జనంలో కలిసిపోయాడు.

వీరభద్రరావు అతను వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు. చెంపల మీద కన్నీళ్ళు జారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. మౌనిక వచ్చి ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చిన్నప్పుడు బస్తా మీంచి దిగడానికి పట్టుకున్న చెయ్యి. మళ్ళీ ఇప్పుడే పట్టుకుంది.

"మళ్ళీ వస్తాడంటావా అమ్మా?"

"తెలీదు నాన్నా."

"రాకపోతే?"

"రాకపోతే మనం ఓర్చుకోవాలి" అంది ఆమె. ఆయన చెయ్యి వదల్లేదు.

వెనక వరసలో నిలబడ్డ ఆడమనిషి బస్తా ముందుకు జరిపి, ఇవాళ పసుపు ఎంత అని అడిగింది. వీరభద్రరావు తువ్వాలుతో ముఖం తుడుచుకుని రేటు చెప్పాడు. తన కమీషన్ ఎంతో కూడా చెప్పాడు. ఆమెకి సరిగా వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాడు, ఈసారి పక్క కాటాల దాకా వినపడేలా.